గుట్టలు, గుహలు ఆగమైతున్నయ్.. టూరిస్టులను తిడితె అయిపోతదా, మన బ్యాచుల సంగతేంది?

గుట్టలగువ్వ (హన్మకొండ)
గుట్టలు, గుహలు తిరిగే మన బ్యాచులందరికి నమస్తె. ఒక లొల్లి పెడ్తున్న, కోపానికి రాకుండ్రి. బొర్రా గుహలల్ల చెత్త, బేలం గుహలల్ల చెత్త, పాండవుల గుట్ట మీద పేర్లు రాసిర్రు అని వారానికొక పోస్టు పడ్తది, కింద అందరం "టూరిస్టులకు బుద్ధి లేదు" అని రాస్తం, అయిపాయె. మరి ఆ టూరిస్టుకు దారి చూపెట్టినోళ్లు ఎవరు? మనమే కదా. హెడ్ ల్యాంపు పెట్టుకొని, "ఎవరికీ తెల్వని ప్లేస్" అని వీడియో తీసి, మ్యాపుల పిన్ కొట్టేది మనమే.
రేగొండ దిక్కు పాండవుల గుట్టల్ల బోర్డులున్న జాగలు అందరికి ఎర్కనే. కానీ దాటి పోతె ఇంకో చిన్న బండచాటు ఉంటది, పేరు నేను రాయ. అక్కడ కూడా రాతి మీద వేల ఏండ్ల కిందటి గేరు రంగు (ఎర్రమన్ను) బొమ్మలు ఉన్నయ్. మొన్నటిదాక మేకల కాపరులు తప్ప ఎవరు పోలే. ఒక రీలు వచ్చింది, అంతె. ఇప్పుడు బొమ్మల పక్కనే బొగ్గుతోని లవ్ సింబళ్లు, పేర్లు, ఇంటర్ గ్రూపు పేరు కూడా. కొంచెం పక్కకు క్లైంబింగ్ చాక్ (బండలెక్కేటోళ్లు చేతులకు రాసుకునే పొడి) తెల్ల మరకలు కూడా ఉన్నయ్, అది టూరిస్టుది కాదు, చాక్ సంచి నడుముకు కట్టుకొని తిరిగేది ఎవరో అందరికి తెల్సు.
నా మాట ఏందంటె, జనం ఎక్కువ వచ్చే జాగను కాపాడే పనిల ముందు వరుసల మనం ఉండాలె, ఎందుకంటె లోపల ఏం పాడైతదో తెల్సింది మనకే. ఎట్ల చేద్దాం చెప్పుండ్రి.

కాజీపేట_జంక్షన్
చెప్పేదేముంది అక్కా, ఆదివారం పది మందిమి పోదాం. వైర్ బ్రష్‌లు, థిన్నర్ డబ్బా, రెండు క్యాన్ల నీళ్లు. పొద్దుగాల పోయి మధ్యాహ్నం వరకు మొత్తం క్లీన్ చేసి వద్దాం.

మాష్టారు_జియాలజీ (రిటైర్డ్)
కాజీపేట తమ్మీ, నీ మనసు మంచిదే కానీ ఆ థిన్నర్ డబ్బా ఇంట్లనే పెట్టు. చేతులెత్తి మొక్కుత.
అది ఇసుకరాయి, గ్రానైట్ కాదు. వైర్ బ్రష్ పెడితె బెల్లం గడ్డ గీకినట్టు పైపొర రాలి వస్తది. ఆ ఎర్ర రంగు ఇనుప ఖనిజం, గేరు అంటం కదా, అది రాయి రంధ్రాల్ల ఇంకి అన్నేళ్లు నిలబడ్డది. థిన్నర్ పోస్తె బొగ్గు పొడి దాంతోపాటు రాయి లోపలికి ఇంకుతది, తర్వాత ఎవరి తరం కాదు తియ్యడం. నీళ్లు కూడా వద్దు. ఫొటోల బొమ్మ తేటగ పడాలని బాటిల్ నీళ్లు చల్లే అలవాటు ఒకటి ఉంది మనోళ్లకు, అది మహా చెడ్డది. తడి ఆరేటప్పుడు రాయి లోపలి ఉప్పును పైకి లాగుతది, పైన తెల్ల పొర కడుతది, ఆ పొరతోపాటు రంగు పెచ్చులు ఊడుతది. చాక్‌పీసుతోని బొమ్మ అంచులు దిద్దేటోళ్లు కూడా ఉన్నరు, వాళ్ల గురించి నేను రాస్తె మోడరేటర్ తీసేస్తడు.
చెయ్యగలిగింది ఏందంటె: పక్కన స్కేలు పెట్టి గీతలన్నీ ఫొటో తియ్యుండ్రి, తారీకు రాయుండ్రి, హెరిటేజ్ శాఖకు, అటవీ శాఖకు ఉత్తరం పెట్టుండ్రి. 2017ల తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది, రాతి చిత్రాల మీద చెయ్యి పెట్టే పని హెరిటేజ్ శాఖ కన్జర్వేటర్లది (పాత బొమ్మలను బాగు చేసే నిపుణులది), మనది కాదు. పాండవుల గుట్ట బొమ్మలు పురావస్తు వాళ్ల కంట్ల పడ్డది 1990ల. అంతకు ముందు వేల ఏండ్లు ఎవరూ కడగలేదు, అందుకే ఉన్నయ్.
ఇంకో ముచ్చట. ఫ్రాన్సుల వేల ఏండ్ల కిందటి బొమ్మలున్న లాస్కో గుహ 1940ల దొరికింది, 1948ల జనానికి తెరిచిర్రు, దినాం వెయ్యికి పైగా మనుషులు. ఎవరూ పేర్లు చెక్కలేదు, ఎవరూ రంగు పూయలేదు, లోపలికి పోయి ఊపిరి తీసుకున్నరు, అంతె. ఆ తేమ, వేడి, బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్), లైట్లు కలిసి గోడల మీద పచ్చటి పాచి పట్టింది. 1963ల మూసేసిర్రు. జనం చూసేతందుకు పక్కన నకలు గుహ కట్టి 1983ల తెరిచిర్రు. మంచి టూరిస్టు వస్తె ఏం కాదు అనుకునేటోళ్లు ఇది యాదికి పెట్టుకోవాలె.

రీల్స్_రాజ్యం
ఆ రీలు నాదే. ఇండ్ల దాచేదేముంది? పాండవుల గుట్టలకు టూరిజం బోర్డు ఉంది, పేపర్ల వస్తది, క్లైంబింగ్ క్యాంపులు అయినయ్. మన జిల్లాల ఇంత మంచి జాగలున్నయని జనానికి తెల్వాలె కదా. హైదరాబాదోళ్లు హంపి పోతరు, గండికోట పోతరు, మన దిక్కు ఎవరు వస్తరు? రీలు పెట్టిన ప్రతోడు గోడ మీద పేరు రాస్తడా? రాసినోన్ని పట్టుకోండ్రి, నన్ను కాదు.

గుట్టలగువ్వ
నిన్ను పట్టుకుంటలేను తమ్మీ. పెద్ద గుట్ట గురించి పది రీళ్లు పెట్టు, నేనే షేర్ చేస్త. ఆ చిన్న బండచాటుకు పిన్ ఎందుకు పెట్టినవ్ అని అడుగుతున్న. అక్కడ వాచర్ లేడు, రెయిలింగ్ లేదు, బోర్డు లేదు. జనం పోతె ఆపేటోడు లేని జాగకు నువ్వు దారి రాసిచ్చినవ్.

టెంపో_అన్న (వరంగల్ చౌరస్తా)
నేను బండి నడుపుకుంట బతికేటోన్ని, నా మాట కూడ వినుండ్రి. మీరంత చదువుకున్నోళ్లు, "మూసెయ్యాలె, దాచాలె" అంటరు. బేలం చూడుండ్రి, మొదట ఎట్లుండె? చుట్టుపక్కల చెత్తంత తెచ్చి దాంట్ల పోసేటోళ్లు. అక్కడి పెద్ద మనుషులు కొందరు కొట్లాడి, మొత్తుకొని, టూరిజం వాళ్లు చేతిల తీసుకొని బాగు చేసి 2002ల తెరిచినంక గుహ గుహ లెక్క అయింది. జనం రాకపోతె అది ఇయ్యాల్టికి కూడ చెత్తకుప్పనే ఉండేది. టిక్కెట్టు పైసలు, హోటళ్లు, ఆటోలు, ఎంత మంది బతుకుతున్నరు ఆడ. జనం వచ్చుడే పాపం అన్నట్టు మాట్లాడొద్దు.

మాష్టారు_జియాలజీ (రిటైర్డ్)
టెంపో అన్న చెప్పింది నిజం, బేలం సంగతిల నేను ఆయన దిక్కే. కానీ పూర్తిగ చెప్పాలె. బేలంను రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ జియాలజిస్టు 1884ల రాసిపెట్టిండు, మళ్ల వంద ఏండ్లకు, 1980ల మొదట్ల, గెబౌర్ అనే జర్మన్ గుహల మనిషి బ్యాచుతోని వచ్చి కొలిచిండు. కొలిచింది 3,229 మీటర్లు, మనం టిక్కెట్టు కొని నడిచేది అండ్ల దాదాపు కిలోమీటరున్నర. అంటె సగానికి పైగా జనం పాదం పడకుండ ఉంది. బేలం బతికింది జనం వల్లనే కాదు, ఆ ఆగిన గీత వల్ల కూడా. ఆ గీత దాటాలని ఉబలాటపడేది టూరిస్టు కాదు, చెప్పులేసుకొని వచ్చినోడు చీకట్లకు పోడు. దాటేది హెల్మెట్ ఉన్నోడు, "నాకు ఎక్స్‌పీరియన్స్ ఉంది, ఒక్కసారి పోనియ్" అని గైడు జేబుల నోటు పెట్టేటోడు. బాధ్యత అంటె నా లెక్కల ముందు అదే, తెరిచిన కాడ తిరుగు, మూసిన కాడ ఆగు.

కేటీకే_బొగ్గు (భూపాలపల్లి)
నేను సింగరేణిల అండర్‌గ్రౌండ్ మనిషిని. గాలి ముచ్చట వచ్చింది కాబట్టి రాస్తున్న. గనిల పెద్ద ఫ్యాను దినమంతా తిరుగుతనే ఉంటది, లేకపోతె లోపల మనిషి నిలవడు. పని బందైన జాగలల్ల, గాలి తిరగని మూలల బొగ్గుపులుసు గాలి కిందికి చేరి ఉంటది, అది కనపడదు, వాసన రాదు. సున్నపు రాయి గుహల్ల ఫ్యాను ఎవడు పెడ్తడు, ఉన్న ఒక్క నోరు నుంచే గాలి పోవాలె, రావాలె. సెలవు దినం వందల మంది ఒకటే హాల్ల నిలబడి సెల్ఫీలు దిగితె ఆ గాలి ఎటు పోతది. న్యూజిలాండ్‌ల వైటోమో అని మిణుగురుల గుహ ఉంది, అక్కడ లోపలి గాలిని మీటర్లు పెట్టి కొలుస్తరు, హద్దు దాటితె జనాన్ని ఆపుతరని ఒక వీడియోల చూసిన. మన దిక్కు గేటు కాడ టిక్కెట్టు చింపుడే తప్ప, లోపల ఇప్పుడు ఎంతమంది ఉన్నరు అని అడిగితె చెప్పేటోడు ఉంటడా?
మా కాడ ల్యాంప్ రూం ఉంటది. ఎవని దీపం వాడు లెక్క రాయించి తీస్కుంటడు, షిఫ్టు అయినంక తిరిగి ఇస్తడు. ఒక దీపం రాలేదంటె ఒక మనిషి రాలేదన్నట్టు, ఆని కోసం మళ్ల దిగుతరు. ఈ గుహల బ్యాచులు ఇంత లెక్క కూడ చెయ్యరు. ఎవరు లోపలికి పోయిండు, ఎప్పటి వరకు వస్తనన్నడు, పైన ఎవరికి చెప్పిండు, ఏం ఉండదు. జాగను కాపాడుడు తర్వాత, ముందు మనుషులను లెక్క పెట్టుడు నేర్చుకోండ్రి. ఒకడు ఇరుక్కుంటె వాన్ని తీసేతందుకు వందమంది వచ్చి తొక్కుతరు, సుత్తెలు పెట్టి రాళ్లు పలగ్గొడ్తరు, గుహ కూడ పోతది.

కాజీపేట_జంక్షన్
బొగ్గన్న మాట మాటకు వెయ్యి రూపాయలు. థిన్నర్ క్యాన్సిల్, ఇంటి గేటుకు వేసుకుంట 😄

సింహాచలం_వైపు (విశాఖ)
నమస్కారం అండి, నేను మీ జిల్లా కాదు, కానీ బొర్రా పేరు వచ్చింది కాబట్టి రాస్తున్నాను. అనంతగిరి కొండల్లో ఉంటాం మేము దగ్గరలోనే. బొర్రాలో రంగురంగుల లైట్లు పెట్టారు చూశారా, ఫొటోలకి భలే ఉంటాయి, కానీ లైటు వెలుగు ఎక్కువ పడే చోట గోడ మీద పచ్చగా పాచి పట్టి ఉంటుంది, జాగ్రత్తగా చూడండి ఈసారి. గుహలో మామూలుగా వెలుగే ఉండదు కాబట్టి ఆకుపచ్చది ఏదీ పెరగదు, మనం లైటు పెట్టి పెంచుతున్నాం అన్నమాట. దానికి మందు ఏమిటంటే లైట్లు తగ్గించడం, మనుషులు ఉన్నప్పుడే వెలిగేలా పెట్టడం, వేడి తక్కువ ఉండే ఎల్‌ఈడీలు వేయడం.
ఇంకోటి అండి, చేతులు. పైనుంచి వేలాడే సున్నపు కొమ్ము ఏడాదికి మిల్లీమీటర్లో పదో వంతు అటూ ఇటూగా పెరుగుతుంది, అంటే మన అరచేతి పొడవు పెరగడానికి వెయ్యేళ్ల పైమాట. మనం చెయ్యి వేస్తే చర్మం మీద జిడ్డు అంటుకుని నీటిబొట్టు అక్కడ సున్నం వదలదు, కొమ్ము నల్లబడి ఆగిపోతుంది. దారి పక్కన ఉన్నవన్నీ అలా నల్లగా నున్నగా అయిపోయాయి. శివుడని పసుపు కుంకుమ పెడతారు, దీపం పెడతారు, ఆ భక్తిని మనం కాదనలేం కానీ మసి మాత్రం పైకప్పుకి అంటుకుంటుంది. పూజారిగారితో, గిరిజన గైడులతో కూర్చుని మాట్లాడి దీపం గుహ బయట పెట్టించవచ్చు, అరిస్తే మాత్రం ఎవరూ వినరు.
అమెరికాలో కార్ల్స్‌బాద్ గుహల్లో వాలంటీర్లు వచ్చి చిన్న చిన్న బ్రష్షులతో జనం బట్టల నుంచి రాలిన నూగు, వెంట్రుకలు ఏరుతారట. రోజుల తరబడి, మోకాళ్ల మీద. వాళ్లలో చాలామంది గుహలంటే పిచ్చి ఉన్నవాళ్లే. కొత్త గుహ వెతకడానికి వెళ్లే ఓపిక మనకి ఉంటుంది, పాత గుహలో నూగు ఏరే ఓపిక ఉంటుందా అండి?

గబ్బిలం_ఫ్యాన్ (కేయూ క్రాస్ రోడ్)
ఇంత రాసిర్రు, ఒక్కరు కూడా గబ్బిలాల పేరు తియ్యలే. గుహ అంటె రాయి ఒక్కటే కాదు సార్.
లోపల ఎండ లేదు, చెట్టు లేదు, మరి పురుగులు, సాలీళ్లు ఏం తిని బతుకుతయ్? చానా గుహల్ల గబ్బిలం రెట్టనే వాటికి అన్నం. గబ్బిలాలు వెళ్లిపోతె కింద ఉన్నదంత ఎండిపోతది. అవి ఎందుకు వెళ్లిపోతయ్? అరుపులు, పటాకులు, పొగ, కండ్లల్ల కొట్టే టార్చి. పిల్లలున్న టైంల తల్లి బెదిరి ఎగిరితె పిల్ల జారి కింద పడ్తది, మళ్ల ఎత్తుకునేటోడు లేడు.
కర్ణాటకల కోలార్ దిక్కు హనుమనహళ్లి అనే ఊరి కాడ గుహల్ల ఒక రకం గబ్బిలం ఉంది, ప్రపంచంల ఇంకెక్కడ దొరకలే, మిగిలింది రెండు వందలు కూడ ఉండవంటరు. ఆ గుట్టలు గ్రానైట్, క్వారీలు తవ్వుకుంట పోయి గుహలకు గండం తెచ్చిర్రు. కరీంనగర్ గ్రానైట్ ఎట్ల పోతున్నదో అందరికి ఎర్కనే, మన గుట్టల సొరికెలల్ల ఏమేం ఉన్నయో ఎవరన్న లెక్క రాసిర్రా అసలు?
ఇంకొకటి, ఇది అచ్చంగ మన తప్పుల లెక్క, టూరిస్టుది కానే కాదు. 2006ల న్యూయార్క్ రాష్ట్రంల ఒక గుహల గబ్బిలాల ముక్కు మీద తెల్ల బూజు కనపడ్డది. యూరప్ నుంచి వచ్చిన ఫంగస్ అది, చలికాలం నిద్రల ఉన్న గబ్బిలాలను లేపి, కొవ్వు కరగబెట్టి చంపుతది. లక్షలల్ల చచ్చినయ్. గబ్బిలం నుంచి గబ్బిలానికి పాకుతది, కానీ బూటుకు, తాడుకు అంటిన బురదతోని మనుషులు కూడ కొత్త జాగకు మోసే ప్రమాదం ఉంది. అందుకే అమెరికాల మామత్ కేవ్ అనే పెద్ద గుహల, లోపలి నుంచి బయటికి వచ్చిన ప్రతి టూరిస్టు మందు నీళ్ల చాప మీద నడిచి పోవాలె. ఒకటే బూట్లతోని ఇయ్యాల బొర్రా, ఎల్లుండి బస్తర్ల కుటుంసర్ గుహ తిరిగేది మనమే. కుటుంసర్ల చీకట్ల బతికే చేపలున్నయ్, వానాకాలం గుహనే మూసేస్తరు. ఒక గుహ బురద ఇంకో గుహకు మొయ్యకుండ్రి, బూట్లు, తాళ్లు, మోకాలి ప్యాడ్లు సబ్బు నీళ్లతో కడిగి ఎండబెట్టి పోండ్రి.

కాజీపేట_జంక్షన్
మా అమ్మ గబ్బిలం పేరు వింటెనే నిపా, కరోనా అని చీపురు పట్టుకుంటది, నువ్వు ఫ్యాన్ అని పేరు పెట్టుకున్నవ్.

గబ్బిలం_ఫ్యాన్ (కేయూ క్రాస్ రోడ్)
అమ్మకు చెప్పు, గుహల్ల ఉండేటివి చానా మట్టుకు పురుగులు తినేటివే, మన వరి చేన్ల మీది పురుగు కూడ. ముట్టుకోవద్దు, పట్టుకోవద్దు, రెట్ట ఎక్కువున్న కాడ దుమ్ము లేపొద్దు, మాస్క్ పెట్టుకోవాలె, ఎందుకంటె ఆ దుమ్ముల ఉండే ఒక ఫంగస్ ఊపిరితిత్తులకు పడ్తది. వాటి జోలికి మనం పోకపోతె సరి.

బండచాటు_ఊరోడు (రేగొండ మండలం)
మీ చర్చ మా దోస్తు పంపిస్తె చదివిన. మస్తు రాసిర్రు, ఫ్రాన్సు అన్నరు, అమెరికా అన్నరు. గుట్ట కింద ఊరోళ్లను ఎవరన్న అడిగిర్రా? మా తాత మేకలు కాసిండు ఆ బండల మీద, ఏ బొమ్మ ఏడ ఉన్నదో ఆయనకు తెల్సు, ఆయనెన్నడు పోస్టు పెట్టలే.
మాకు మీ పేర్లు, లవ్ సింబళ్ల కంటె పెద్ద బాధ సీసాలు. తాగుడు, బండకేసి కొట్టుడు. మేకల గిట్టల్ల గాజు దిగి పుండ్లు పడ్తున్నయ్. ఎండకాలం చికెన్ వండుకొని నిప్పు ఆర్పకుండ పోతరు, అదే టైంల మా ఆడోళ్లు తునికాకుకు అడవిల ఉంటరు, ఆకు కాలితె మా కూలి కాలినట్టే. ఫారెస్టోళ్లు వచ్చి ఎవరిని అడుగుతరు? మమ్ములనే. మీరు కారెక్కి పోయిర్రు కదా.
క్లైంబింగ్ బ్యాచులు మంచోళ్లే, లేదంటలేను, కానీ మా పోరన్ని ఒక్కన్ని కూడ ఎంబడి తీస్కపోరు. గూగుల్ మ్యాపు ఉన్నదంటరు. ఊరోన్ని తీస్కపోయి రోజు కూలి ఇస్తె వాడు బొగ్గు గీసేటోన్ని అక్కడనే ఆపుతడు, వానికి గుట్ట మీద పానం ఉంటది. కాపాడుదాం అనేటోళ్లు ముందు దిగి ఊరి చావిడి కాడ ఆగి మాట్లాడుండ్రి.

టెంపో_అన్న (వరంగల్ చౌరస్తా)
ఇదీ మాట. నేను చెప్పేది కూడ ఇదే, ఊరోళ్లకు పైస ముట్టాలె.

రీల్స్_రాజ్యం
సరే పిన్ సంగతికొస్త. దాచుడు మంచిది అంటున్నరు, కానీ దాచిన జాగల ఏమైతదో చెప్పాల్నా? గుప్తనిధులు అని రాత్రిపూట వచ్చి తవ్వుతరు. మన దిక్కు ఎన్ని గుళ్లల్ల, కోటలల్ల, బండల కింద గుంతలు చూడలే? జనం తిరిగే కాడ ఆ పని చెయ్యరు. నలుగురి కండ్లు ఉంటె అదే కాపలా. మీరు ఎవరికి చెప్పక మూసిపెడితె ఒకనాడు పోయి చూసేవరకు బొమ్మ ఉన్న బండనే పలిగి ఉంటది.

మాష్టారు_జియాలజీ (రిటైర్డ్)
తమ్మీ, ఈ మాట కొట్టిపారేసేది కాదు. తవ్వకాల సంగతి నాకు బాగ తెల్సు, ఒక్క బండ కింద గుంత తవ్వి పైన పసుపు చల్లి పోయిన జాగలు చానా ఉన్నయ్. కానీ చెప్పుడు అంటె ఎవరికి చెప్పుడు? అమెరికాల 1988ల గుహల చట్టం చేసిర్రు, ప్రభుత్వ భూముల మీది ముఖ్యమైన గుహల జాడ ఆఫీసుల ఫైల్ల ఉంటది, జనానికి ఇయ్యరు. జాడ తెల్సిన ఆఫీసు ఉంటది, కాపలా ఉంటది, కానీ మ్యాపుల పిన్ ఉండదు. మనం కూడ అట్లనే, ఊరి సర్పంచుకు, బీట్ ఆఫీసర్‌కు, హెరిటేజ్ వాళ్లకు చెప్పాలె. లక్ష మంది ఫాలోయర్లకు చెప్పుడు వేరు.
నువ్వు పెద్ద గుట్ట మీద రీళ్లు చెయ్యి. జనం ఎట్లన్న వస్తరు కాబట్టి, బాట ఉన్న, వాచర్ ఉన్న జాగకే రానియ్యి. ఆ జాగల కాపలా కాసే పని మనం చేద్దాం. చిన్నవాటిని అట్లనే ఉండనియ్యి.

రీల్స్_రాజ్యం
పిన్ తీసేస్త. రీలు మొత్తానికే తీసెయ్య, మస్తు వ్యూస్ ఉన్నయ్. బొమ్మ కనపడే ముక్క మట్టుకు ఉంచి, మిగతాది కట్ చేసి మళ్ల ఎక్కిస్త, బాట కనపడదు.

గుట్టలగువ్వ
బాట కనపడకుంటె సరే. కామెంట్లల్ల "బ్రో లొకేషన్" అంటరు, వాటికి కూడ జవాబియ్యకు.

కేటీకే_బొగ్గు (భూపాలపల్లి)
2023 జులైల ముత్యాలధార జలపాతం సంగతి యాదికుందా, వీరభద్రవరం దిక్కు. వాగు దాటి పోయిర్రు, వాన పడ్డది, వాగు పొంగింది, ఎనభై మంది దాక అడవిల ఇరుక్కున్నరు. రాత్రంత ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు, పోలీసులు పోయి తెచ్చిర్రు. అసుంటిది ఒక్కటి జరిగితె ఆఫీసర్లకు చేతిల ఉండేది ఒకటే, గేటు మూసుడు, అందరికి. పద్ధతిగ పోయేటోనికి కూడ. అందుకే రూల్ ఉన్న కాడ రూల్ పాటించుడు మన స్వార్థం కోసమే అనుకోండ్రి, పుణ్యం కోసం వద్దు.

మోడరేటర్
ఈ చర్చల లొకేషన్ లింకులున్న కామెంట్లు తీసేసిన. ఇగ నుంచి బోర్డు, బాట, కాపలా లేని గుహల పిన్‌లు, వాగు పేర్లు, "ఫలానా మైలురాయి నుంచి ఎడమకు" అసుంటి గుర్తులు పెడితె పోస్టు ఉండదు. డౌట్ ఉంటె ముందు మాకు మెసేజ్ పెట్టుండ్రి.

గుట్టలగువ్వ
అయితె ఆదివారం పోవుడు ఖాయం. రాయి మీద చెయ్యి పెట్టేది లేదు, బాట మీది సీసాలు, ప్లాస్టిక్ ఏరుడు, గీతల ఫొటోలు తీసుడు, అంతె. మాష్టారు ఉత్తరం రాస్తనన్నరు. బొగ్గన్న పద్ధతిల పేర్లు రాసుకొని పోదాం, దిగినంక మళ్ల పేరు పేరునా లెక్క. రేగొండ అన్నా, మీ ఊర్ల ఇద్దరు పోరగాళ్లను చెప్పి పెట్టు, కూలి మేం ఇస్తం.

బండచాటు_ఊరోడు (రేగొండ మండలం)
చెప్పి పెడ్త. గోనె సంచులు తెండ్రి, పలుచటి కవర్లు గాజు పెంకులకు ఆగవు, చేతులకు తోలు గ్లౌజులు కూడ. ఏరిన చెత్త మా ఊరి చెరువు కట్ట మీద పోస్తె ఊకోం, మీ బండ్లనే వేస్కొని వరంగల్ తీస్కపోండ్రి.

టెంపో_అన్న (వరంగల్ చౌరస్తా)
డీజిలు పైసలిస్తె బండి నేను తెస్త. కానీ చెత్త నా బండ్లనా?? సీట్ కవర్లు మొన్ననే మార్పిచ్చిన.

కాజీపేట_జంక్షన్
పైన క్యారియర్ మీద కడదాం అన్నా, టార్పాలిన్ నా కాడ ఉంది.